హంప్టా కనుమ దాటబోయే మేనల్లుడికి

ఒరేయ్ అబ్బాయ్,

సెప్టెంబరులో హిమాచల్‌లోని హంప్టా కనుమ దాటతావని అక్క చెప్పింది. శుభ్రంగా వెళ్లు. కానీ "గోదారి ఈదినోడికి కొండవాగు ఓ లెక్కా" అన్నావంట, ఆ మాటకే ఈ ఉత్తరం.

మన గోదారి చెప్పి వస్తుంది. నీళ్లు ఎర్రబడతాయి, ధవళేశ్వరంలో హెచ్చరిక ఇస్తారు, సామాను అటకెక్కించే టైముంటుంది. అక్కడి వాగుకి ఎండకాసిన రోజల్లా వరదే. తెల్లారి మోకాలి లోతుండేది, పైన మంచు కరిగి మధ్యాహ్నానికి ఉరకలెత్తుతుంది. కనుమ దిగాక వచ్చే మజిలీ షియా గోరూ దగ్గర వాగుని పొద్దున్నే దాటెయ్యాలి. ఈత పనికిరాదు, నిలదొక్కుకోవాలంతే. సంచి నడుంపట్టీ ముందే విప్పు, పడితే వదిలించుకోవచ్చు. ప్రవాహానికి ఎదురు తిరిగి, కర్ర ఆనించి, పక్కకి ఒక్కో అడుగూ జరుపు. నేను బూట్లు తడుస్తాయని మెళ్లో వేసుకుని ఉత్తకాళ్లతో దిగాను. పదడుగులకే పాదాలు ఉన్నాయో లేవో తెలీలేదు. గట్టెక్కి చూస్తే బొటనవేలి గోరు లేదు. పట్టీల చెప్పులు పట్టుకెళ్లు.

ఇక ఊపిరి. కనుమ 4,270 మీటర్లు. అక్కడ అందే గాలి మన ఊరి గాలిలో ఐదింట మూడొంతులే. మనాలిలో రెండు రాత్రులుండి ఎక్కు. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకు. కనుమకి ముందు మజిలీ బాలూ కా ఘేరాలో నాకు తలనొప్పి, వాంతి. పైత్యం అనుకుని నిమ్మకాయ ఊరగాయ చప్పరిస్తూ ఎవరికీ చెప్పలేదు. నేను తూలడం చూసి గైడు ఆ రాత్రే కిందికి దించేశాడు. కనుమ చూడ్డానికి మళ్లీ ఏడాది పట్టింది. ఈ ఎత్తు జబ్బుకి వాడే మాత్ర డయామాక్స్ సంగతి డాక్టర్నే అడుగు.

ఆ దారి గొర్రెలూ మేకలూ మేపే గద్దీ కాపరులది. వేసవిలో మందల్ని కనుమ అవతలి లాహౌల్ మేతకి తోలుకెళ్లి, చలి ముదరకముందే తిరిగొస్తారు. మంద ఎదురైతే కొండవైపు ఒదిగి నిలబడు, లోయవైపు కాదు. వాళ్ల కుక్కల మెడకి చిరుత కొరక్కుండా ముళ్ల పట్టీ ఉంటుంది. ముద్దు చెయ్యబోకు.

ఈలోగా వారం వారం అన్నవరం మెట్లెక్కు, వీపున పది కేజీల బియ్యంతో. దిగడమూ నడిచే. మోకాళ్లు పోయేది దిగుడులోనే. పూతరేకులు వద్దు, సంచిలో పొడైపోతాయి. మామిడితాండ్ర పెట్టుకో.

కొండెక్కాక ఫోను అందదని మీ అమ్మకి ముందే చెప్పు. కిందటిసారి నేను నాలుగు రోజులు పలక్కపోతే మీ అత్తయ్యతో ఊరందరికీ ఫోన్లు చేయించింది.

మావయ్య