కొత్తగా పని చేయించిన ఇంజిన్ నుంచి ఆయిల్ కారుతోంది

ప్రశ్న: మా కారుది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. ఇటీవల దాన్ని పూర్తిగా విప్పించి, బోరు పని చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులతో పాటు ప్యాకింగులు, సీళ్లు అన్నీ కొత్తవి వేయించాము. 400 కిలోమీటర్లు తిరిగేసరికే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ మళ్లీ మార్చినా తగ్గలేదు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనుక సీల్ పోయిందనీ, గేర్‌బాక్స్ దించక తప్పదనీ మెకానిక్ అంటున్నారు. దించమని చెప్పవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. మెకానిక్ అనుమానం నిజమే కావచ్చు గాని, చుక్క పడే చోటును బట్టి సీల్ మీద నేరం మోపడం తొందరపాటు. ఇంజిన్ మీద ఎక్కడ కారినా ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. అందువల్ల ఇంజిన్ పైన ఉండే ట్యాపెట్ కవర్ వెనుక మూల నుంచి కారిన ఆయిల్ కూడా చివరకు బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు ఆనుకునే గేర్‌బాక్స్ ముందు డొప్ప) అడుగునే తేలవచ్చు.

ముందుగా కారుతున్నది ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోండి. తెల్ల కాగితం మీద ఆ చుక్కనొకటి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) నుంచి తీసిన చుక్కనొకటి పక్కపక్కన వేసి రంగు, జిగురు పోల్చి చూడండి. గేర్ ఆయిల్‌కు చాలావరకు గంధకం వాసన ఉంటుంది. ఇంజిన్ దించి ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్ సీల్ దెబ్బతినడం అరుదేమీ కాదు.

ఇంజిన్ ఆయిలే అని తేలితే, ఆల్టర్నేటర్‌నూ వైరింగ్ కనెక్టర్లనూ ప్లాస్టిక్‌తో కప్పి, ఇంజిన్‌ను డీగ్రీజర్‌తో పైనుంచి కింది దాకా కడిగించి ఆరబెట్టండి. ఈ పని విసుగు పుట్టించేదే, కానీ జిడ్డు మీద జిడ్డు ఉన్నంతకాలం ఎంత అనుభవం ఉన్న కన్నైనా మోసపోతుంది. తరువాత ఇంజిన్‌ను వేడెక్కే దాకా ఆన్‌లో ఉంచి, టార్చి, చిన్న అద్దం పట్టుకుని చూడండి. ఏమీ కనబడకపోతే కొద్ది దూరం నడిపి మళ్లీ చూడండి. తడిసిన చోట్లన్నిటిలో అన్నిటికన్నా పైన, ముందు ఉన్నదే ముఖ్యం. కంటికి అందకపోతే, ఇంజిన్ ఆయిల్‌లో కలిపే అల్ట్రావయొలెట్ డై వాడండి. అల్ట్రావయొలెట్ దీపం వేస్తే కారిన దారి పసుపుపచ్చగా మెరుస్తూ మూలం దాకా తీసుకుపోతుంది.

ట్యాపెట్ కవర్ మూలలు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ అంచు ముందుగా చూడవలసినవి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాక్‌కు అంటుకుని ఉండగానే కొత్త ఫిల్టర్ బిగించడం తరచుగా జరిగే పొరపాటు. ఇవన్నీ పొడిగా ఉంటే చాంబర్ దగ్గరకు రండి. ప్యాకింగ్ మార్చినా తగ్గలేదన్నారు కనుక, చాంబర్, బ్లాక్, వెనుక సీల్ పట్టే ప్లేటు మూడూ కలిసే మూలలను జాగ్రత్తగా చూడాలి. చాలా ఇంజిన్లలో అక్కడ ప్యాకింగ్‌తో పాటు కాస్త సిలికాన్ సీలెంట్ కూడా పెట్టాలి. రేకు చాంబర్ అయితే, బోల్టులు అతిగా బిగించినప్పుడు రంధ్రాల చుట్టూ అంచు ఉబ్బి, బోల్టుల మధ్య సందు ఏర్పడుతుంది. ఆ అంచును చదును చేయకుండా ఎన్ని ప్యాకింగులు మార్చినా ఫలితం ఉండదు. ఇటువంటి బోల్టులకు తరచుగా 10 న్యూటన్ మీటర్ల ప్రాంతంలోనే బిగింపు సరిపోతుంది. కచ్చితమైన అంకె మీ ఇంజిన్ మాన్యువల్‌లో చూడండి.

సీల్ ముట్టుకునే ముందు మరొకటి. కొత్త రింగులు బోరులో పూర్తిగా కూర్చునే దాకా పిస్టన్ల పక్కనుంచి గ్యాసు కొంత ఎక్కువగానే కిందికి దిగుతుంది. దాన్ని బయటకు లాగే పీసీవీ వాల్వు గాని, గొట్టం గాని పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీల్ నుంచైనా ఆయిల్ నెట్టుకువస్తుంది. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచని కాగితం ఉంచండి. కాగితం ఎగిరిపోతూ ఉంటే ముందు ఆ దోషం సరిచేయాలి.

ఇంత చూశాక కూడా బెల్ హౌసింగ్ లోపలి నుంచే వస్తోందని తేలితే గేర్‌బాక్స్ దించక తప్పదు. దించాక ఫ్లైవీల్ తీసి, సీల్ పీకేముందు తడి ఎక్కడ మొదలైందో చూడమనండి. సీల్‌కు పైన తడి ఉంటే, ఆయిల్ గ్యాలరీ (బ్లాక్ లోపల ఆయిల్ పారే దారి) ప్లగ్గులు, క్యామ్‌షాఫ్ట్ వెనుక మూత వంటివాటిని అనుమానించాలి. ఓవర్‌హాల్‌లో శుభ్రం చేయడానికి విప్పిన ప్లగ్గును తిరిగి సరిగా బిగించకపోవడం వల్ల, సీల్ మార్చినా కారుతూనే ఉన్న ఇంజిన్లు ఉన్నాయి. సీలే అయితే, క్రాంక్ మీద అది ఆనే చోట గోటితో గీసి చూడాలి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే స్లీవ్ (గాడిని కప్పే పలుచని లోహపు తొడుగు) వేయించాలి, లేదా వీలున్న చోట కొత్త సీల్‌ను కొద్దిగా లోతుగా దించాలి. రబ్బరు పెదవి ఉన్న సీల్‌కు ఆయిల్ రాసి ఎక్కించాలి. టెఫ్లాన్ రకాన్ని సాధారణంగా పొడిగానే ఎక్కించాలి.

అప్పటిదాకా డిప్‌స్టిక్ రోజూ చూస్తూ ఉండండి. సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడుతుంటే మాత్రం నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కనుక బండి తీయవద్దు.

ప్రశ్న: ఇటువంటి లీకుకు ఆయిల్‌లో పోసే స్టాప్ లీక్ మందు పనిచేస్తుందా?

జవాబు: ఆ మందులు చాలావరకు వయసు మీరి గట్టిపడిన రబ్బరును మెత్తబరిచి, కొద్దిగా ఉబ్బేలా చేస్తాయి. కొత్త సీల్ గట్టిపడి ఉండదు కనుక అక్కడ వాటికి పని లేదు. వంగిన అంచునూ, వదులైన ప్లగ్గునూ అవి ఎలాగూ బాగుచేయలేవు.