హాస్టల్‌కు వెళ్లే పిల్లలకు మెనింజైటిస్ టీకా అవసరమా?

మీ అమ్మాయి కాలేజీలో చేరి హాస్టల్లో ఉండబోతోందని, మెనింజైటిస్ (మెదడును, వెన్నుపామును కప్పి ఉండే పొరలు వాచే జబ్బు) టీకా వేయించమంటున్నారని, అంత అరుదైన జబ్బుకు అది అవసరమా అని అడిగారు. అవసరమే, వేయించండి. అయితే టీకాతో పాటు ఆమెకు చెప్పి పంపవలసిన మాట ఇంకొకటి ఉంది. అది నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మా గదిలో జరిగింది రాస్తున్నాను.

నేను మొదటి సంవత్సరంలో ఉండగా నా గదిలోని అమ్మాయి ఒక సాయంత్రం తరగతుల నుంచి త్వరగా వచ్చేసింది. జ్వరం, ఒళ్లునొప్పులు. హాస్టల్లో అప్పటికే చాలామందికి జలుబు, దగ్గు ఉన్నాయి కాబట్టి ఇదీ అదే అనుకుని పారాసెటమాల్ ఇచ్చాను. దుప్పటి కప్పుతుంటే ఆమె పాదాలు నా చేతికి తగిలాయి. ఒళ్లు కాలిపోతోంది, పాదాలు మాత్రం చన్నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. వింతగా అనిపించినా అంతకు మించి ఆలోచించలేదు. వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోందంటే లైటు ఆర్పేసి, నిద్రపోతే తగ్గుతుందిలే అని చెప్పి, పుస్తకాలు పట్టుకుని వేరే గదికి వెళ్లిపోయాను.

అర్ధరాత్రి దాటాక తిరిగి వచ్చేసరికి రెండుసార్లు వాంతి చేసుకుని ఉంది. లేపితే పలికింది గానీ మాటల్లో పొంతన లేదు. నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచింది. నాకు భయం వేసి పక్క గదిలోని సీనియర్ అక్కను లేపాను. ఆమె వచ్చి లైటు వేసి దుప్పటి తీసింది. చీలమండ దగ్గర, సాక్స్ అంచు పట్టిన చోట, ఆవగింజంత ఊదారంగు మచ్చలు కనిపించాయి. దోమకాట్లు అన్నాను నేను. ఆమె మాట్లాడకుండా మంచినీళ్ల గాజు గ్లాసు తీసుకుని, దాని పక్కభాగాన్ని ఆ మచ్చల మీద గట్టిగా అదిమింది. మామూలు దద్దుర్లయితే అలా అదిమినప్పుడు రంగు వెలిసిపోతుంది. ఇవి గాజు కింద నుంచి అలాగే కనిపించాయి. చర్మం కింద రక్తనాళాలు దెబ్బతిని రక్తం చిమ్మిన గుర్తులట అవి. పది నిమిషాల్లో బయలుదేరాం.

ఆసుపత్రిలో రోగ నిర్ధారణ అయ్యేదాకా ఆగలేదు. రక్తం తీసుకున్న వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. వెన్నునీటి పరీక్ష ఆ తరువాతే చేశారు. మెదడును, వెన్నుపామును కప్పి ఉండే పొరలకు మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా సోకిందని, అది రక్తంలోనూ ఉందని తేలింది. ఈ జబ్బులో సరైన చికిత్స అందినా నూటికి 10 నుంచి 15 మంది చనిపోతారు. బతికినవారిలోనూ నూటికి 10 నుంచి 20 మందికి చెవుడు, మెదడు దెబ్బతినడం, వేళ్లో కాళ్లో కోల్పోవడం వంటివి మిగిలిపోతాయి. నా స్నేహితురాలు బతికింది. ఎడమ చెవి వినికిడి పోయింది. ఇప్పటికీ ఇద్దరం కలిసి నడుస్తుంటే తను నాకు ఎడమ పక్కకు మారుతుంది, కుడి చెవి నా వైపు ఉండేలా.

ఇక మీరు జాగ్రత్తగా గమనించవలసిన విషయం. ఆమెకు జబ్బు రాకముందే టీకా వేయించి ఉన్నారు. ఆ టీకా మెనింగోకాకస్‌లోని ఏ, సి, డబ్ల్యూ, వై అనే నాలుగు రకాల నుంచి కాపాడుతుంది. ఆమెకు సోకింది బి రకం. దానికి టీకా వేరే ఉంది. 2013లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బి రకమే విద్యార్థులకు సోకింది. అప్పటికి బి టీకాకు ఆ దేశంలో అనుమతి లేకపోవడంతో, ప్రత్యేక అనుమతి మీద తెప్పించి వేయవలసి వచ్చింది. కాబట్టి డాక్టరు దగ్గర "మెనింజైటిస్ టీకా వేయండి" అని ఊరుకోకుండా ఏ రకాలకు వేస్తున్నారో, బి రకానికీ వేయించాలా అని అడగండి. నాలుగు రకాల టీకా చిన్న వయసులోనే వేయించి ఉంటే ఎప్పుడు వేయించారో చూడండి. దాని బలం కొన్నేళ్లలో తగ్గుతుంది కాబట్టి మరో మోతాదు అవసరమా అని డాక్టరును అడగండి. బి టీకా ఒక్క మోతాదుతో పూర్తి కాదు, వ్యవధి ఇచ్చి మళ్లీ వేయించుకోవాలి. నాలుగు రకాల టీకా పనిచేయడానికీ సుమారు రెండు వారాలు పడుతుంది. హాస్టల్‌కు పెట్టె సర్దుకునే రోజు దాకా వాయిదా వేయకండి. ఇంకో సంగతి, మనం వాడుకలో "మెదడువాపు టీకా" అనేది సాధారణంగా జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు వేసేది. అది వైరస్ వల్ల వచ్చే వేరే జబ్బు. చిన్నప్పుడు అది వేయించాం, సరిపోతుందని అనుకునే తల్లిదండ్రులను నేను చూశాను.

హాస్టళ్లలోనే ఎందుకంటే, సుమారు పదిమందిలో ఒకరి ముక్కులోనో గొంతులోనో ఈ సూక్ష్మజీవి ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. యువతలో ఇంకా ఎక్కువ. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఒకే గదిలో నిద్రపోయి, ఒకే సీసాలో నీళ్లు తాగి, ఒకే సిగరెట్ పంచుకుంటే లాలాజలంతో పాటు ఇదీ చేతులు మారుతుంది. పొగతాగడం వల్ల ముప్పు పెరుగుతుంది. ఎంగిలి పంచుకోవద్దని చెప్పండి, కానీ ఆ ఒక్క జాగ్రత్త మీదే ఆధారపడకండి. స్నేహితుల మధ్య అది పూర్తిగా సాగదు.

నా స్నేహితురాలి సంగతి తెలియగానే హాస్టల్ మొత్తం హడలిపోయింది. కొందరు ఆమె కూర్చున్న బెంచీని కడిగారు. అది అనవసరం, శరీరం బయట ఈ సూక్ష్మజీవి ఎక్కువసేపు బతకదు. ఆమెతో గది పంచుకున్న నాకు, అంతకు ముందు వారంలో బాగా దగ్గరగా మెలిగిన మరికొందరికి మాత్రం ఆ రోజే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి ఇచ్చారు. ఈ నివారణ మందు వీలైతే 24 గంటల్లోపే పడాలి. టీకా వేయించుకున్నవారికీ ఇది అవసరమే.

మీ అమ్మాయికి చెప్పి పంపవలసిన మాట ఇది. గదిలో ఎవరికైనా జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, వాంతులు, మాట తడబడటం, చల్లబడిన చేతులు, కాళ్లు, వీటిలో కొన్ని కనిపించినా ఒంటరిగా పడుకోనివ్వకూడదు. మచ్చల కోసం ఎదురుచూడకూడదు. అవి ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోవచ్చు. చామనఛాయ, నలుపు ఒంటి మీద తేలిగ్గా కనిపించవు కూడా. అరచేతులు, అరికాళ్లు, కంటి రెప్పల లోపలి భాగం చూడాలి. తీరా వెళ్లాక మామూలు జ్వరమని తేలితే సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఉదయం బాగున్న మనిషి రాత్రికి ప్రాణాపాయంలో పడే జబ్బు ఇది. నేను చదువుకుంటూ గడిపిన ఆ నాలుగైదు గంటలు ఈ రోజుకూ నన్ను వదలలేదు.

జబ్బుపడిన మనిషి తన పరిస్థితిని తాను గుర్తించలేదు. గుర్తించవలసింది పక్క మంచం మీద ఉన్నవాళ్లే. మా తమ్ముడు కాలేజీలో చేరినప్పుడు రెండు రకాల టీకాలూ వేయించి, వాడి గదిలో ఉండే అబ్బాయికి ఇవన్నీ చెప్పి నా ఫోను నంబరు ఇచ్చి వచ్చాను. మీరు కూడా దింపడానికి వెళ్లినప్పుడు మీ అమ్మాయితో గదిలో ఉండబోయే పిల్లతో ఐదు నిమిషాలు కూర్చోండి.