తమ్ముడికి సైకోసిస్ రిస్క్ ఉందన్నారు, ఎంఆర్ఐ మాత్రం నార్మల్. మళ్లీ స్కాన్ తీయించాలా?

డాక్టర్ అడిగితే తప్ప వద్దు. మీ తమ్ముడికి 19 ఏళ్లని, సైకోసిస్ (లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు నిజమని గట్టిగా నమ్మడం లాంటి జబ్బు) ఇంకా రాలేదు గానీ వచ్చే రిస్క్ ఉందని సైకియాట్రిస్ట్ చెప్పారని, ఎంఆర్ఐ నార్మల్ వచ్చినా ఇలాంటివాళ్లకి మెదడు పైపొర పల్చబడుతుందని ఎక్కడో చదివి ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారని రాశారు. ఇంకా మంచి మిషన్ మీద తీయిస్తే బయటపడుతుందేమో అన్నది మీ అనుమానం. మా ఇంట్లో కూడా కొన్నాళ్లు ఇదే గొడవ నడిచింది. నేను డాక్టర్ని కాదు, అలాంటి తమ్ముడున్న అక్కని. వాడి కోసం ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను.

మీరు చదివింది అబద్ధం కాదు. 2003లోనే మెల్‌బోర్న్ పరిశోధకులు రిస్క్ ఉన్నవాళ్లకి ముందే స్కాన్ తీసి పెట్టుకుని, తర్వాత జబ్బు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చి చూశారు. జబ్బు వచ్చినవాళ్లకి కణతల వైపు, నుదుటి వైపు కొన్ని చోట్ల గ్రే మ్యాటర్, అంటే మెదడు పైపొరలో ఉండే కణజాలం, మొదటి స్కాన్‌లోనే తక్కువగా ఉంది. 2021లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం ఇంకా పెద్ద ఎత్తున చూసింది: 31 చోట్ల నుంచి రిస్క్ ఉన్నవాళ్లు 1,792 మంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 1,377 మంది. రిస్క్ ఉన్నవాళ్లకి మెదడు పైపొర చాలా చోట్ల కొంచెం పల్చగానే ఉంది. వాళ్లలో తర్వాత సైకోసిస్ వచ్చిన 253 మందికి మాటలు విని పోల్చుకునే భాగంలో, ముఖాలు గుర్తుపట్టే భాగంలో ఆ పల్చదనం ఇంకాస్త కనిపించింది.

కానీ ఆ "కొంచెం" ఎంతో చూడాలి. ఒక ఊళ్లో కుర్రాళ్ల సగటు ఎత్తు పక్క ఊరి కంటే ఒక సెంటీమీటరు తక్కువ అనుకోండి, అందరినీ కొలిస్తే ఆ తేడా నిజమేనని తేలుతుంది, అంతమాత్రాన ఒక కుర్రాణ్ణి తెచ్చి మన ముందు నిలబెడితే వాడు ఏ ఊరివాడో చెప్పలేం కదా. ఈ తేడా కూడా దాదాపు అంతే. పైపొర మందమే సగటున రెండున్నర మిల్లీమీటర్లు, అందులో ఇంత చిన్న తేడా రేడియాలజిస్టు కంటికి ఆనదు. సాఫ్ట్‌వేర్‌తో కొలిచి వందల మంది సగటు తీస్తేనే తెలుస్తుంది. పైగా ఈ వయసులో ఎవరికైనా ఆ పొర సహజంగానే పల్చబడుతూ ఉంటుంది, మెదడు పరిపక్వం కావడంలో అదొక భాగం. ఇంకో సంగతి, నాకు తెలిసి ఇది ఇంట్లోవాళ్లకి ఎవరూ చెప్పరు: మిషన్‌లో ఉన్నప్పుడు తల కాస్త కదిలినా కొలతలో పొర ఉన్నదానికంటే పల్చగా వస్తుంది. నిద్ర లేక, భయంతో ఉన్న పిల్లాడు అంతసేపు కదలకుండా పడుకోగలడా?

అలాగని మీ తమ్ముడికి తీసిన ఎంఆర్ఐ వృథా అనుకోకండి. గడ్డ లాంటిదో, మెదడు వాపో ఏదైనా ఉండి ఇలా ప్రవర్తిస్తున్నాడేమో చూడటానికే మామూలుగా డాక్టర్లు అది రాస్తారు. అవేవీ కనిపించలేదని మీ రిపోర్టు చెబుతోంది. ముందు ముందు ఏమవుతుందన్న ప్రశ్నకి అందులో జవాబు ఉండదు, కొత్త మిషన్ అయినా ఇవ్వలేదు. మాకు ఒక సెంటర్‌వాళ్లు "బ్రెయిన్ మ్యాపింగ్" ప్యాకేజీ అంటగట్టబోయారు, ముందే కనిపెట్టేస్తామని. మా డాక్టర్‌గారు ఆ కాగితం పక్కన పెట్టేసి, "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావ్ నాన్నా?" అని వాణ్ణి అడిగారు.

అసలు సమాచారం అక్కడే ఉంది. మావాడు బీటెక్‌లో ఉండగా ల్యాప్‌టాప్ కెమెరా మీద బ్యాండెయిడ్ అంటించాడు, హాస్టల్ వరండాలో ఎవరో తన పేరు అంటున్నారని ఫోన్ చేసేవాడు. అలా చెబుతూనే, "నిజంగా అంటున్నారో, నాకే అలా అనిపిస్తోందో తెలీట్లేదు అక్కా" అనేవాడు. డాక్టర్‌గారు ఆ మాటని రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. తన అనుభవం మీద తనకే అనుమానం మిగిలి ఉండటం, అది రిస్క్ దశకీ పూర్తి సైకోసిస్‌కీ మధ్య వాళ్లు చూసే ముఖ్యమైన గీత.

రిస్క్ అన్నంత మాత్రాన రాసిపెట్టినట్టు కాదు. 2021లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇలా గుర్తించినవాళ్లలో మూడేళ్లలో సైకోసిస్ వచ్చింది దాదాపు నాలుగో వంతు మందికి. మిగతావాళ్లంతా హాయిగా ఉన్నారని కాదు, చాలామందికి ఆందోళన, డిప్రెషన్ ఉంటూనే ఉంటాయి, వాటికీ వైద్యం కావాలి. బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాలు, సైకోసిస్ రాకుండా ఆపడానికని ఈ దశలో యాంటీసైకోటిక్ మందులు ఇవ్వొద్దనీ, సీబీటీ అనే మాటల చికిత్స ఇవ్వమనీ, కుదిరితే ఇంట్లోవాళ్లని కూడా కలుపుకోమనీ చెబుతాయి. మీ డాక్టర్ ఏదైనా మందు రాసి ఉంటే మాత్రం ఇది చదివి మానిపించకండి, ఎందుకు రాశారో అడగండి. డిప్రెషన్‌కో నిద్రకో అయి ఉండొచ్చు.

స్కాన్‌కి పెట్టే డబ్బు కౌన్సెలింగ్ సిట్టింగులకి పెట్టండి. గంజాయి అలవాటు ఉందేమో తిట్టకుండా, అమ్మానాన్నల ముందు కాకుండా, మీరొక్కరే అడగండి. ఇది తప్పనిసరిగా తెలియాలి, ఎందుకంటే ఈ రిస్క్‌ని పెంచేవాటిలో మన చేతిలో ఉన్నది అదొకటి. నిద్ర, కాలేజీకి వెళ్తున్నాడా లేదా, స్నేహితులతో మాట్లాడుతున్నాడా, ఇవి వారం వారం రెండు లైన్లు రాసి పెట్టుకుని అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్లండి. మావాడు ఉద్యోగంలో చేరాడు, సరిగా నిద్రపోని వారాల్లో ఇప్పటికీ కాస్త అనుమానాలు వస్తాయి, వచ్చినప్పుడు తనే చెబుతాడు.

"అనిపిస్తోంది" అనేవాడు "అంటున్నారు, నాకు తెలుసు" అని ఖాయంగా చెప్పడం మొదలెట్టినా, వినపడే గొంతు ఏదో చేయమంటోందన్నా, చనిపోవాలని ఉందన్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఫ్రీ, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.