పిడుగు అలర్ట్ యాప్ పొలంలో పనికొస్తుందా? మా కల్లం దగ్గర చూసింది చెప్తా

"నాన్న రోజంతా పొలంలోనే ఉంటాడు, దామిని యాప్ వేసిస్తే ఏమన్నా ఉపయోగమా లేక ఊరికే భయపెట్టడమేనా" అని అడిగారు కదా. మాది పల్నాడు, మిరప వేస్తాం. ఉపయోగమేనండి, కానీ యాప్ వేసిచ్చి వదిలేస్తే మాత్రం దండగ.

మెరుపుల నుంచి రేడియో తరంగాలు వస్తాయి, అక్కడక్కడా పెట్టిన సెన్సర్లు వాటిని పట్టుకుని ఎక్కడ మెరిసిందో లెక్కగడతాయి. మబ్బు ముదిరేటప్పుడు ముందు మబ్బు లోపలే మెరుపులు ఎక్కువవుతాయి, నేల మీద పడేవి తర్వాత, ఆ సందులో దొరికే టైమే మనకి వార్నింగు. అరగంట దొరికితే గొప్ప. తుఫానుకి చెప్పినట్టు రెండ్రోజుల ముందు చెప్పడం కుదిరేది కాదు. దామిని పుణెలో ఉన్న ఐఐటీఎం అనే కేంద్ర ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళది, ఫోన్ ఎక్కడుంటే దాని చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల చూపిస్తుంది. ఇది కాక ఏపీలో విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళు మండలాల పేర్లతో హెచ్చరికలు ఇస్తారు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు రికార్డయ్యాయి, కాబట్టి ఇదేదో ఎక్కడో జరిగేదిలే అనుకోడానికి లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఏప్రిల్లో సాయంత్రం పూట మబ్బేస్తుంది, అప్పటికి కల్లం నిండా కాయ ఆరబోసి ఉంటుంది, తడిస్తే రంగు పోయి తాలు రేటుకి అమ్ముకోవాలి. అలాంటప్పుడు ఫోన్ మోగితే ఎవడైనా ఇంటికి పోతాడా? పట్టాలు పట్టుకుని కల్లంలోకి పరిగెత్తుతాడు, గాలికి పట్టా ఎగిరిపోతుంటే నలుగురు నాలుగు మూలలు పట్టుకుని నిలబడతారు, అదీ చుట్టూ ఏ అడ్డూ లేని బయల్లో. అంటే ప్రాణం కోసం ఇచ్చిన అరగంట కాస్తా కాయకి పోతుంది.

అందుకే మేం ఇప్పుడు పొద్దున్నే వాతావరణ శాఖ వాళ్ళది చూస్తాం, మా జిల్లాకి ఉరుములు మెరుపులు అని ఎల్లో అలర్టో ఆరెంజ్ అలర్టో ఉంటే మధ్యాహ్నం భోజనాలప్పటికే కాయ కుప్పకి ఎగదోసి పట్టా కప్పి చుట్టూ రాళ్ళు పెట్టేస్తాం. ఒక పూట ఎండ పోతుంది, పోనీ. తర్వాత అలర్ట్ వస్తే లేచి వెళ్ళిపోవడం తప్ప ఇంకో పని ఉండదు.

ఇంకోటి, నాన్న ఫోన్ బండి కవర్లోనో, గట్టు మీద క్యారేజీ సంచిలోనో ఉంటుంది, మోగినా వినపడదు. మా ఇంట్లో అమ్మ ఫోన్లో కూడా యాప్ ఉంది, మోగగానే ఆమె కూలీల మేస్త్రికి ఫోన్ కొడుతుంది. మీరు హైదరాబాద్లో ఉంటే మీ ఫోన్లో దామిని హైదరాబాద్ మబ్బులే చూపిస్తుంది, ఊరి కోసం మండలాల హెచ్చరికలు చూసుకోండి. సెల్ మాట్లాడితే పిడుగు పడుతుందన్నది ఉత్తదే, ఫోన్ చేయడానికి భయపడొద్దు.

ఎక్కడికి వెళ్ళాలో కూడా ముందే అనుకోండి. చెట్టు కింద, రేకుల పందిరి కింద, ఆటోలో, ట్రాక్టర్ మీద వద్దు. స్లాబు ఇల్లు, లేదంటే అద్దాలు మూసిన కారు. మా తాత ఉరిమితే అర్జునా ఫల్గుణా అనుకునేవాడు, నేనూ అనుకుంటా, కాకపోతే స్లాబు కింద నిలబడి. చివరి ఉరుము వినపడ్డాక ఇంకో అరగంట ఆగాలి. ఇక్కడే కూలీలు ఒప్పుకోరు, గంట పోతే కూలి కోస్తారని వాళ్ళ భయం. ఆ రోజు పూర్తి కూలి ఇస్తామని ముందే చెప్పేస్తాం, అది చెప్పకుండా ఎన్ని యాప్‌లు పెట్టినా ఎవరూ కదలరు.

అలర్ట్ వచ్చిన ప్రతిసారీ మీ పొలంలో పిడుగు పడదు, చాలాసార్లు చినుకు కూడా పడదు, నాన్న తిడతాడు. తిట్టనివ్వండి, ఈసారి మోగినా మళ్ళీ ఫోన్ చేయండి.