ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ ఉద్యోగంలో చేరేముందు యజమానితో ఏమేమి తేల్చుకోవాలి?

మీ తమ్ముడు గుణుపురం, పార్వతీపురం మధ్య పది చక్రాల లారీ నడుపుతున్నాడనీ, విశాఖ నుంచి కొరాపుట్, జయపురం వైపు ఇనుము తోలే ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ (పక్క గోడలు లేని పొడవాటి బండి) మీదికి రమ్మని ఒక యజమాని నెలకు 22 వేలు ఇస్తానన్నాడనీ, వెళ్ళమనవచ్చా అనీ అడిగారు. నాది రాయగడ. ఆ దారిలో అలాంటి బండ్ల మీదే చాలాకాలం పనిచేశాను. పని నేర్చుకునే ఓపిక ఉన్నవాడికి వెళ్ళదగిన ఉద్యోగమే. అయితే ఆ 22 వేలనే అంకెను చూసి నిర్ణయించుకోకండి. ట్రైలర్ డ్రైవరుకు నెలలో చాలా భాగం లోడు కోసం కాచుకోవడంలోనూ, కట్టడంలోనూ, దించడంలోనూ పోతుంది. జీతం మాత్రం చక్రం తిరిగిన రోజుల లెక్కన కుదురుతుంది. డ్రైవరు నష్టపోయేది అక్కడే.

మన వైపు జీతం రెండు విధాలుగా మాట్లాడుకుంటారు. ఒకటి నెల జీతం, దానిమీద రోజు బత్తా. రెండోది ట్రిప్పు లెక్క. డీజిలుకు, టోలుకు, దారి ఖర్చులకు యజమాని ఒక మొత్తం ఇస్తాడు, మిగిలింది డ్రైవరుది. బండి చురుగ్గా తిరిగిన నెలలో ట్రిప్పు లెక్కే లాభం. కానీ ఫ్యాక్టరీ గేటు బయట వరుసలో నిలబడిన ప్రతి రోజూ డ్రైవరు సొంత డబ్బుతో తిని పడుకోవలసి వస్తుంది. అందుచేత 22 వేలలో బత్తా కలిసి ఉందా, విడిగా ఇస్తారా, బండి నిలిచిన రోజుకు ఎంత ఇస్తారు అన్నది ముందే అడగమనండి. నిలిచిన రోజుకు కనీసం సగం బత్తా ఒప్పుకోని యజమాని దగ్గర నేను చేరలేదు. మీ తమ్ముడికీ అదే చెబుతాను.

డీజిలు సగటు గురించి ఇంకా జాగ్రత్తగా మాట్లాడుకోవాలి. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని యజమాని ముందే ఒక లెక్క కట్టి, తగ్గినంత జీతంలో కోస్తాడు. బరువుతో ఉన్న ట్రైలరు మైదానంలో లీటరుకు మూడు కిలోమీటర్ల లోపే ఇస్తుంది. సాలూరు దాటి సుంకి ఘాటు (కొండ దారి) ఎక్కేటప్పుడు అదీ రాదు. జాతీయ రహదారి 16 మీద బరంపురం వైపు తిరిగే బండికి వేసిన సగటునే 26వ నంబరు రహదారి మీద కొరాపుట్ ఎక్కే బండికీ వేస్తే, ఎంత నేర్పుగా నడిపినా ప్రతి నెలా కోత తప్పదు. ఘాటు దారికి వేరే సగటు రాయించుకోవాలి. జీతం వెయ్యి రూపాయలు పెంచమని అడగడం కంటే ఇది సాధించడం ముఖ్యం.

పని గంటల విషయానికి వస్తే, 2025 నవంబరు వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనేది. ఈ దారిలో దాన్ని పాటించిన బండిని నేను చూడలేదు. పగలంతా లోడింగు యార్డులో హెల్మెట్టు, బూట్లు, పాసు, కాటా అంటూ నిలబడి, నగరంలో భారీ వాహనాలకు ప్రవేశం ఉన్న వేళ చూసుకుని రాత్రి బయలుదేరవలసి వస్తుంది. నిద్ర లేని ఆ రాత్రే అసలు ప్రమాదం. పైగా ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండవలసిన జీఎస్టీ రవాణా పత్రం) గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున వస్తుంది. సాధారణ కొలతలకు మించిన యంత్రాల వంటి సరుకైతే 20 కిలోమీటర్లకే ఒక రోజు. బండి ఎక్కడైనా చిక్కుకుంటే గడువు ముగియడానికి ముందు 8 గంటల్లో గానీ, ముగిసిన తరువాత 8 గంటల లోపు గానీ పొడిగించుకోవచ్చు. గడువు తరుముతోందని నిద్ర మానుకుని తోలవద్దని, యజమానికి ఫోన్ చేసి పొడిగించమని అడగమని గట్టిగా చెప్పండి.

ఇక లోడు సంగతి. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఎక్కువగా తయారయ్యేవి ఊచలు, వైరు రాడ్ చుట్టలు, యాంగిళ్ళు, ఛానళ్ళు. ఊచ సాధారణంగా 12 మీటర్లు ఉంటుంది. 40 అడుగుల ట్రైలర్ ప్లాట్‌ఫారం మీద అది సరిగ్గా సరిపోతుంది. వెనక్కి పొడుచుకు వచ్చేలా ఊచలు వేయడాన్ని 2014లోనే నిషేధించారు కాబట్టి, పొట్టి బండి మీద వేలాడదీసి తీసుకుపొమ్మంటే నిరాకరించాలి. ఇనుము మీద ఇనుము జారుతుంది. కట్టల కింద అడ్డంగా చెక్క దుంగలు వేయకుండా, ముందు గోడకు ఆనించకుండా, పైపైన గొలుసు వేసి పంపితే గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో లోడంతా క్యాబిన్‌లోకి దూసుకు వస్తుంది. బయలుదేరిన కొద్ది దూరంలోనే లోడు సర్దుకుని గొలుసులు వదులవుతాయి. గాజువాక దాటకముందే ఒకసారి, సాలూరులో ఘాటుకు ముందు మరోసారి దిగి బిగించడం నేను ఎప్పుడూ మానలేదు. యార్డు వాళ్ళు కట్టారు కదా అని వదిలేయకూడదు, ఎందుకంటే దారిలో జరిగినదానికి పోలీసులు అడిగేది డ్రైవరునే.

గొలుసు విప్పేటప్పుడు అంతకంటే జాగ్రత్త కావాలి. ఒక చిన్న ఊరిలో హైడ్రా క్రేను దొరకక, హమాలీల చేత దించుతున్నప్పుడు, పక్కకు ఒరిగిన కట్ట గొలుసు వదలగానే జారి నాతోటి డ్రైవరు కాలి మీద పడింది. మొదటి ఆసుపత్రి బిల్లు కట్టిన యజమాని, తరువాత అతను తన దగ్గర పనిచేయడం లేదన్నాడు. జీతం చేతికిచ్చేవారు గనుక రుజువు చూపడం కష్టమైంది. పనిలో గాయపడిన డ్రైవరుకు చట్టం ప్రకారం పరిహారం వస్తుంది, దరఖాస్తుకు రెండేళ్ళ గడువు ఉంటుంది. కానీ ఉద్యోగం ఉన్నట్టు చూపగలగాలి. అందుకే జీతం బ్యాంకు ఖాతాలో వేయించుకోమనండి. బండి బీమా కాగితంలో జీతగాడైన డ్రైవరు కోసం ప్రీమియం కట్టారో లేదో తన కళ్ళతో చూసుకోమనండి. 15 లక్షల ప్రమాద బీమా అని యజమాని చెప్పేది బండి సొంతదారే డ్రైవరైనప్పటిది. అది మీ తమ్ముడికి వర్తించదు.

ఎక్కువ బరువు వేసి పంపితే జరిమానా 20 వేలు, దానిమీద మించిన ప్రతి టన్నుకు 2 వేలు. దాన్ని యజమాని కడతాడనుకున్నా, లైసెన్సు మాత్రం డ్రైవరుది. అధిక బరువుకు దాన్ని సస్పెండు చేయవచ్చు, ఆ నెలలు ఇంట్లో కూర్చోవలసిందే. కాటా చీటీ ఫోటో తీసుకున్నాకే యార్డు దాటాలి.

ఘాటులో నాకు భయం కలిగించినది ఎక్కేటప్పటి దారి కాదు. జయపురం వైపు నుంచి తిరుగు లోడు దొరికినప్పుడు బరువుతో సుంకి నుంచి సాలూరుకు దిగవలసి వస్తుంది. చిన్న గేరులో, ఎగ్జాస్ట్ బ్రేకుతో (ఇంజను పొగను అడ్డి వేగం తగ్గించే బ్రేకు) నెమ్మదిగా దిగాలి. కాలి బ్రేకు మీదే ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఖాళీ బండికీ తడి రోడ్డు మీద ప్రమాదమే, గట్టిగా బ్రేకు వేస్తే వెనక ట్రైలర్ తిరిగి క్యాబిన్ మీదికి వస్తుంది. పది చక్రాల లారీ నడిపిన చేతికి ఈ ప్రవర్తన కొత్త. కాబట్టి యజమాని ఒప్పుకుంటే, వానాకాలం ముగిసేవరకు రెండో డ్రైవరుగా చేరమనండి. జీతం కొంత తగ్గినా పరవాలేదు. 2025 అక్టోబరు 1 తరువాత తయారైన భారీ బండ్ల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. రెండు బండ్ల మధ్య ఎంచుకునే అవకాశం ఉంటే కొత్తదాన్నే అడగమనండి, మే నెలలో ఆ క్యాబిన్‌లోనే నిద్రపోవాలి.