టెక్ సందేహాలు: కొత్తగా చేర్చిన వరుసలో బటన్ ఎందుకు పనిచేయదు?

ప్రశ్న: నేను కర్నూలులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మార్కెట్ యార్డులో మా మామయ్యకు ఉల్లిగడ్డల మండీ ఉంది. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడు, క్వింటా ఏ ధరకు పోయింది అన్న వివరాలు రాసుకోవడానికి జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఒక పేజీ తయారుచేశాను. ప్రతి వరుస చివర ‘తొలగించు’ అనే బటన్ ఉంది. పేజీ తెరిచేటప్పటికే ఉన్న వరుసలలో అది పనిచేస్తోంది కానీ, ఆ తర్వాత చేర్చిన వరుసలలో పనిచేయడం లేదు. పైగా, వరుసను నొక్కితే ఆ రైతు వివరాలు తెరుచుకునేలా పెట్టాను. ‘తొలగించు’ నొక్కినప్పుడు కూడా అవి తెరుచుకుంటున్నాయి. ఈ రెండింటినీ ఎలా సరిచేయాలి?

జవాబు: మీరు రెండు ఇబ్బందులు చెప్పారు. ఈవెంట్ (నొక్కడం వంటి, పేజీలో జరిగే సంఘటన) ప్రయాణించే దారి తెలిస్తే రెండూ ఒకే మార్పుతో తీరిపోతాయి కాబట్టి, ముందు ఆ దారిని వివరంగా చూద్దాం.

మీ కోడ్ పేజీ తెరుచుకోగానే ‘తొలగించు’ బటన్లన్నింటినీ వెతికి, ఒక్కొక్కదానికి యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో ఒక ఫంక్షన్‌ను, అంటే నొక్కినప్పుడు నడవాల్సిన కోడ్‌ను, లిజనర్‌గా (ఈవెంట్‌ను వినేదిగా) తగిలిస్తున్నట్టుంది. ఆ ఫంక్షన్ ఆ క్షణంలో పేజీలో ఉన్న బటన్లకే అంటుకుంటుంది. బటన్ పేరుకో దాని క్లాసుకో సంబంధించిన శాశ్వత నియమంగా బ్రౌజర్ దానిని గుర్తుపెట్టుకోదు. అందువల్ల పది నిమిషాల తర్వాత పుట్టిన వరుసలోని బటన్ చూడటానికి అచ్చం అలాగే ఉన్నా, దాని నొక్కును వినేవారు ఎవరూ ఉండరు.

ఇక దారి సంగతి. మీ మామయ్య మండీకి బస్తాలు తెచ్చే బండి ముందు యార్డు గేటు దాటి, మీ దుకాణమున్న వీధిలోకి తిరిగి, చివరికి దుకాణం ముందు ఆగుతుంది. సరుకు దింపాక అదే వీధి మీదుగా మళ్లీ గేటు దగ్గరికి వస్తుంది. బటన్‌ను నొక్కినప్పుడు బ్రౌజర్ కూడా క్లిక్ అనే ఈవెంట్‌ను విండో దగ్గర మొదలుపెట్టి, డాక్యుమెంట్, బాడీ, పట్టిక, వరుస, గడి మీదుగా బటన్ దాకా పంపి, ఆ తర్వాత అదే దారిలో మళ్లీ పైకి తెస్తుంది. లోపలికి వచ్చే భాగాన్ని క్యాప్చరింగ్ అని, పైకి వెళ్లే భాగాన్ని బబ్లింగ్ అని అంటారు. ఒకప్పుడు నెట్‌స్కేప్ బ్రౌజర్ మొదటి పద్ధతిని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండో పద్ధతిని పాటించేవి. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2000 నవంబరులో వెలువరించిన ప్రమాణం ఈ రెండింటినీ ఒకే ప్రయాణంలోని రెండు భాగాలుగా చేసింది. మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే లిజనర్ పైకి వెళ్లే దారిలోనే వింటుంది.

మీ రెండో ఇబ్బందికి కారణం ఇదే: బటన్ దగ్గర పని ముగించుకున్న క్లిక్ పైకి వెళ్తూ వరుసను తాకి, అక్కడి ఫంక్షన్‌ను కూడా లేపుతోంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈవెంట్ బయలుదేరడానికి ముందే దాని దారి ఖరారైపోతుంది కనుక, మధ్యలో మీరు ఆ వరుసనే పేజీ నుంచి తీసేసినా ఈవెంట్ ఆగదు. అప్పటికే తొలగిపోయిన వరుస వివరాలు కూడా మీకు తెరుచుకోవడానికి కారణం అదే.

ప్రతి దుకాణం ముందు ఒక మనిషిని నిలబెట్టే బదులు గేటు దగ్గర ఒక్కరిని ఉంచినా ప్రతి బండీ అతని కంటపడుతుంది. మీరు కూడా బటన్లకు, వరుసలకు విడివిడిగా తగిలించిన లిజనర్లన్నీ తీసేసి, పట్టికకు ఒకే ఒక్క లిజనర్ పెట్టండి. దానిలో ఈవెంట్.టార్గెట్ (నిజంగా నొక్కు పడిన అంశం) నుంచి క్లోజెస్ట్ అనే పద్ధతితో పైకి వెతుకుతూ, ‘తొలగించు’ బటన్ దొరికితే వరుసను తీసేసి అక్కడే రిటర్న్ చేయండి (ఫంక్షన్‌ను ముగించండి). దొరకకపోతే అదే విధంగా వరుసను వెతికి వివరాలు తెరవండి. రేపు చేర్చబోయే వరుసలకు కూడా ఇది వర్తిస్తుంది. టార్గెట్‌ను నేరుగా బటన్‌తో పోల్చి చూడకండి. బటన్ లోపల చెత్తబుట్ట బొమ్మ ఉండి, వేలు దాని మీద పడితే టార్గెట్ ఆ బొమ్మ అవుతుంది తప్ప బటన్ కాదు.

స్టాప్‌ప్రొపగేషన్ వాడి బటన్ దగ్గరే ఈవెంట్‌ను ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను దానిని చివరి ఉపాయంగానే చూస్తాను. తెరిచి ఉన్న మెనూ, బయట ఎక్కడ నొక్కినా మూసుకుపోవడానికి డాక్యుమెంట్ దగ్గర ఒక లిజనర్ పెట్టి ఉంటారు. మీరు కింద దారి మూసేస్తే ఆ నొక్కు దాని దాకా చేరదు, లోపం ఎక్కడుందో వెతకడానికి ఒక పూట పడుతుంది.

అన్ని ఈవెంట్లూ పైకి రావన్నది కూడా తెలుసుకోవాలి. ధర రాసే గడి నుంచి బయటికి రాగానే అంకెను సరిచూడాలనుకుంటే, గడిని వదిలినప్పుడు పుట్టే బ్లర్ అనే ఈవెంట్ పట్టిక దాకా పైకి రాదు కాబట్టి, అప్పుడే పుట్టి పైకి వచ్చే ఫోకస్‌అవుట్ వాడండి.

ప్రశ్న: అనంతపురంలో పాఠశాల ఉపాధ్యాయురాలిని. విద్యార్థుల మార్కుల ఫారంలో ‘చేర్చు’ నొక్కగానే పేజీ మొత్తం మళ్లీ లోడై, రాసినదంతా పోతోంది.

జవాబు: ఫారంలోని బటన్‌కు రకం పేర్కొనకపోతే బ్రౌజర్ దానిని సబ్మిట్ బటన్‌గా భావించి, ఫారంను పంపి పేజీని మళ్లీ తెరుస్తుంది. ఫారంకు సబ్మిట్ ఈవెంట్ లిజనర్ పెట్టి, దానిలో మొదటి వాక్యంగానే, బ్రౌజర్ తనంతట తాను చేసే ఆ పనిని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్‌ను పిలవండి, అమ్మా. బటన్ క్లిక్‌కు బదులు ఫారం సబ్మిట్‌నే వినమనడానికి కారణం, మార్కులు వేసి ఎంటర్ నొక్కినా అదే దారిలో పని జరగాలి.

ప్రశ్న: కడప జిల్లా నుంచి రాస్తున్నాను. కస్టమర్ల వివరాల పేజీలో ‘సేవ్’ ఒకసారి నొక్కితే మొదట ఒక నమోదే పడుతుంది. ఫారంను మూసి తెరిచిన కొద్దీ అది రెండు, మూడు అవుతోంది.

జవాబు: ఫారంను తెరిచే ఫంక్షన్ లోపలే సేవ్ బటన్‌కు లిజనర్ తగిలిస్తున్నట్టున్నారు. ఒకే ఫంక్షన్‌ను ఒకే ఈవెంట్‌కు రెండుసార్లు తగిలిస్తే బ్రౌజర్ రెండోదానిని పట్టించుకోదు. కానీ అక్కడికక్కడ పేరు లేకుండా రాసిన ఫంక్షన్ ప్రతిసారీ కొత్తదే కనుక లిజనర్లు పేరుకుపోతాయి. పేరు లేని దానిని రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌తో తీసేయడం కూడా కుదరదు, ఎందుకంటే తగిలించిన ఫంక్షన్‌నే దానికి మళ్లీ చూపించాలి. లిజనర్‌ను తగిలించే వాక్యాన్ని ఆ ఫంక్షన్ నుంచి బయటికి తెచ్చి, పేజీ తెరుచుకున్నప్పుడు ఒక్కసారే అమలయ్యే చోట పెట్టండి.