ఓపెన్‌కాస్ట్ గని పక్కన బావి: హైడ్రోజియాలజీ చదవొచ్చా?

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల చుట్టుపక్కల బావులు ఎండిపోతున్నాయని చదివినప్పటి నుంచి భూగర్భ జలాల మీద పనిచేయాలని ఉంది. కానీ మ్యాథ్స్ అంటే టెన్షన్. హైడ్రోజియాలజీ (భూగర్భ జలాల శాస్త్రం) పీజీలో చేరొచ్చా? ఉద్యోగంలో చేసే పని ఏమిటి?

జవాబు: తప్పకుండా చేరొచ్చు. ముందు పని ఎలా ఉంటుందో చెప్తాను, తర్వాత మ్యాథ్స్ సంగతి చూద్దాం.

గని అడుగు నీటిమట్టం కంటే కిందికి దిగితే చుట్టూ ఉన్న పొరల్లోని నీరు అందులోకి ఊరుతుంది. దాన్ని రాత్రింబగళ్లు తోడాల్సిందే. కొన్నిచోట్ల గని చుట్టూ బోర్లు వేసి ముందే లాగేస్తారు. దాంతో నీటిమట్టం గని వైపు గరాటులా వాలుతుంది. అంతకుముందు వాగు వైపు పారే భూగర్భ జలం కూడా గని వైపు తిరగొచ్చు. ఈ గరాటు ఎంత దూరం పాకుతుందన్నది రాతిని బట్టి ఉంటుంది. నీరు సులువుగా పారే ఇసుకరాయి అయితే కిలోమీటర్ల దూరం పోవచ్చు, బంకమట్టి పొర అడ్డుంటే దగ్గర్లోనే ఆగొచ్చు. ఒక్కోచోట పగుళ్లున్న బొగ్గు పొరే నీటిని మోస్తుంది. అమెరికాలోని పౌడర్ రివర్ బేసిన్ అలాంటిదే. అక్కడ బొగ్గు తవ్వితే నీటి పొర కూడా దానితోనే పోతుంది.

అలాగని బావి ఎండగానే నేరం గనిదే అనలేం. ఆ ఏడు వాన తక్కువ పడి ఉండొచ్చు, పక్క పొలాల్లో బోర్లు పెరిగి ఉండొచ్చు. ఏది ఎంత కారణమో విడదీసి చెప్పడమే మీ ఉద్యోగం. దానికి గని మొదలుకాక ముందు నుంచీ తీసుకున్న కొలతలు కావాలి. ఆ లెక్కలు లేకపోతే నష్టపోయిన కుటుంబం మాట నిజమే అయినా నిరూపించడం చాలా కష్టం. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

కొలత ఎలా ఉంటుందో చూడండి. బోరులోకి టేపు దించుతారు, చివరనున్న సెన్సర్ నీటికి తగలగానే బీప్ వస్తుంది. ఒక బావిలో నీరు 9 మీటర్ల లోతున ఉంది, ఇంకోదాంట్లో 6 మీటర్ల లోతున ఉంది అనుకుందాం. నీరు ఎటు పారుతుంది? 6 మీటర్ల బావి నుంచి 9 మీటర్ల బావికి అనేస్తాం. కానీ సముద్రమట్టం నుంచి మొదటి బావి దగ్గర నేల ఎత్తు 212 మీటర్లు, రెండో దాని దగ్గర 205 అయితే నీటిమట్టాలు 203, 199 అవుతాయి. అంటే పారేది మొదటి దాని నుంచి రెండో దాని వైపే. కచ్చితమైన దిశ తెలియాలంటే ఒకే వరుసలో లేని మూడో బావి కూడా ఉండాలి.

చూశారా, ఇప్పుడు చేసింది మ్యాథ్సే! ఈ వాలుకీ, రాతి గుణానికీ, ప్రవాహానికీ ఉన్న లెక్కను ఫ్రెంచ్ ఇంజినీర్ హెన్రీ డార్సీ 1856లోనే ఇచ్చాడు. పంపు ఆడిస్తుంటే మట్టం కాలంతో పాటు ఎలా తగ్గుతుందో అమెరికన్ హైడ్రాలజిస్ట్ థీస్ 1935లో చూపించాడు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు పీజీలో వస్తాయి, వాటికి కష్టపడాలి, దాచను. కానీ ఏ సంఖ్య దేన్ని చెబుతుందో బొమ్మ గీసుకుంటూ నేర్చుకుంటే భయం తగ్గుతుంది.

గని మూసేశాక కూడా పని ఉంటుంది. గోతిని ఓవర్‌బర్డెన్‌తో, అంటే బొగ్గు కోసం పైనుంచి తీసేసిన మట్టీ రాళ్లతో నింపితే పాత పొరల వరుస తిరిగి రాదు. పెద్ద రాళ్లు అడుగుకు దొర్లి కొత్త దారులు ఏర్పడతాయి. మట్టం కోలుకోవడానికి ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. రాళ్లలో పైరైట్ అనే ఇనుము, గంధకం ఉన్న ఖనిజం ఉంటే గాలి, నీరు తగిలి ఆమ్లం పుడుతుంది. అందుకే కెమిస్ట్రీని పక్కన పెట్టకండి.

గని సంస్థలు, కన్సల్టెన్సీలు, ప్రభుత్వ నీటి విభాగాలు, పరిశోధన సంస్థలు ఈ చదువున్నవాళ్లను తీసుకుంటాయి. పీజీని ఎంచుకునేటప్పుడు పంపింగ్ టెస్టులు (పంపు ఆడిస్తూ మట్టం ఎలా తగ్గుతుందో కొలవడం) ఫీల్డులో చేయిస్తారా, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారాన్ని విశ్లేషించడం) నేర్పిస్తారా అని అడగండి. అమెరికా జియలాజికల్ సర్వే తయారుచేసిన మాడ్‌ఫ్లో అనే భూగర్భ జల ప్రవాహాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. అంతకంటే ముందు, అందుబాటులో ఉన్న ఒక బావి ఒరకు పెయింట్‌తో గుర్తు పెట్టి, యజమానిని అడిగి, వారానికోసారి అదే గుర్తు నుంచి లోతు కొలిచి వానతో పాటు రాసుకోండి. ఏడాది నిండిన ఆ నోట్‌బుక్‌ను ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.